అపరాధ పరిశోధక నవల – కొమ్మూరి సాంబశివరావుగారు

హత్యలు, దొంగతనములు గల నవలను పిల్లల చేతిలో చూచినంతనే మన యిండ్లలో పెద్దలు ముఖము చిట్లింతురు. అట్టి పుస్తకములు బుద్ధిని చెరచునని వారి భయము. అందు కొంత నిజము లేకపోలేదు. కాని అదియే సంపూర్ణసత్యము కాదు. ఈ విషయమును విచారించుటకు కొమ్మూరి సాంబశివరావుగారికంటె తగిన యుదాహరణము తెలుగున మాకు కానరాదు.

వారు 1926వ సంవత్సరమున తెనాలిలో జన్మించిరి, 1994లో గతించిరి. గుడిపాటి వెంకటచలముగారికి వారు సోదరుని కుమారులు. చలముగారు మాతామహుని యింటికి దత్తు పోయి గుడిపాటివారైరి గాని పుట్టుకచే కొమ్మూరివారే. ఒకే వంశమున నొకరు సంసారమందలి కపటమును బయటపెట్టగా, మరియొకరు నేరము వెనుక దాగిన కపటమును వెదకిరి.

వంగదేశమున 1932లో శరదిందు బంద్యోపాధ్యాయులు బ్యోమకేశుని సృష్టించిరి. మనకు సాంబశివరావుగారు డిటెక్టివ్ యుగంధరును, అతని సహాయకుడు రాజును, ఇన్‌స్పెక్టరు స్వరాజ్యరావును ఇచ్చిరి. ‘చావుకేక’, ‘ఉరితాడు’, ‘లక్షాధికారి హత్య’ మొదలగు నవలలు రైలుస్టేషన్లలోను, అద్దె పుస్తకముల కొట్లలోను చేతులు మారెను. మా ఆలమూరునకు రైలు లేదు. ద్వారపూడి స్టేషనుకు పోయివచ్చువారి సంచులలో నవి మా గ్రామమునకు వచ్చుచుండెడివి. పెద్ద గ్రంథముల జోలికి పోనివారు సైతము వీనిని దీపము మలుగువరకు చదివెడివారు.

ఈ చదువువలన కలిగిన లాభమేమి? మేమెరిగిన సంగతి యొకటి చెప్పెదము. మా వీధిలో నొక యింట బంగారుగొలుసు కానరాదయ్యెను. అంజనము వేయించిరి. పెరటిదారిని వచ్చు నల్లని స్త్రీ తీసినదని అంజనగాడు పలికెను. ఇంక వేరు సాక్ష్యమెందులకు? పాచిపనిచేయు ఆమెను అందరును నిలదీసిరి. ఆ యింటి మనుమరాలు యుగంధరు కథలు విడువక చదువునది. “నాయనమ్మా, గొలుసు నీవు కడపట చూచినదెప్పుడు? పిమ్మట బీరువా తెరచినదెవరు?” అని యడిగెను. వెదకగా పట్టుచీర మడతలో గొలుసు దొరకెను. అయినను ఆ పనిమనిషి మరల ఆ గడప త్రొక్కలేదు.

పోలీసు అధికారి యెదుట చేసిన నేరాంగీకారము నిందితునిపై రుజువు కాదని 1872 నాటి సాక్ష్యచట్టము నిర్ణయించెను. 2024లో అమలునకు వచ్చిన క్రొత్త చట్టమందును ఆ నియమము నిలిచియున్నది. న్యాయస్థానమున నింత జాగ్రత్త యుండగా, మన వాకిళ్లలో మాత్రము బీదవాని ముఖమే రుజువగుచున్నది! అనుమానము వేరు, ఆధారము వేరు అను నీతిని వినోదముతో నేర్పుటయే ఇట్టి నవల చేసిన మేలు.

దీనికి లోపములును గలవు. దొంగ పట్టుబడుటతో కథ ముగియును. వాడట్లేల యయ్యెనను ప్రశ్న తరచుగా మిగిలిపోవును. ఆ ప్రశ్నకై వేరు గ్రంథములు చదువవలసినదే.

కావున గృహస్థులారా, పిల్లవాని చేతినుండి అట్టి పుస్తకమును లాగివేయకుడు. సగము చదివినపిమ్మట, “నీ యనుమానమెవరిమీద? ఎందుచేత?” అని యడుగుడు. ఆ ‘ఎందుచేత’కు సమాధానము చెప్పనేర్చిన బిడ్డ రేపు మీ యింట నిరపరాధిని దొంగయని పిలువనీయడు.