నాట్ల వేళ గణపవరంలో

తాడేపల్లిగూడెం నుండి గణపవరం వస్తూ బస్సులోంచి వరినాట్లు వేస్తున్నవారిని చూచాము. వారిలో మా సంఘస్థులున్నారు. గత ఆదివారం ఆరాధనకు ఆలస్యంగా వచ్చారని మేము మందలించినది వారినే.

అప్పుడు ఇసిదోరు జ్ఞాపకమొచ్చాడు. 12వ శతాబ్దంలో స్పెయిను దేశమందు, మద్రీదు దగ్గర ఒక భూస్వామికి పొలం దున్నిన పాలేరు ఆయన. ప్రార్థన చేసుకొని పనికి ఆలస్యంగా వస్తున్నాడని తోటి కూలీలు ఫిర్యాదు చేశారట. యజమాని వచ్చి చూస్తే ఆయన పక్కన దేవదూతలు అరక తోలుతున్నారని కథ. 1622లో రోమను కతోలిక సంఘం ఆయనను పునీతునిగా ప్రకటించింది. నేటికీ మే 15న మద్రీదు పట్టణం ఆ పాలేరు పండుగ చేస్తుంది. మనము పునీతులకు మ్రొక్కము. అయినా ఫిర్యాదు చేసినవారిలో మేమూ ఉన్నట్టు తోచి సిగ్గుపడ్డాము.

నాట్లు ముగిసేవరకు ఆరాధన రాత్రి 7 గంటలకు మార్చుకొన్నాము.