ఒకటి రెండు చోట్ల

ప్రతి సాయంకాలమును వాతావరణ సమాచారమున “ఒకటి రెండు చోట్ల వర్షము కురియవచ్చును” అను మాట వినుచున్నాము. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములవారి కీ మాటతో నిత్యము పని. దాని యర్థమును విచారించువారు మాత్ర మరుదు. ఒక ప్రాంతమునందలి వానకొలత కేంద్రములలో నాలుగవ వంతునకు మించకుండ వాన పడుననుటయే వాతావరణశాఖవారి భావము. మూడువంతుల కేంద్రములు పొడిగా నున్నను వారి మాట తప్పినట్లు కాదు.

మా పొరుగున నొక వితంతువు రెండెకరముల మెట్ట సేద్యము చేసికొనుచున్నది. ఒక యేడు తొలకరి జల్లునకు కందులు చల్లి, రేడియో చెప్పిన వానకై కనిపెట్టుకొని యుండెను. ఆ వాన తర్లుపాడు వైపు కురిసెను. ఆమె చేనిపై చినుకైన రాలలేదు. మొలక మాడిపోయినది, మరల విత్తుటకై చెవుల కమ్మలు తాకట్టునకు పోయినవి. “సదువుకున్నదానివి గదమ్మా, మబ్బుకు నా చేని గట్టు తెలీదా?” యని నన్నడిగినది.

తెలియదనియే చెప్పవలసివచ్చెను. గిద్దలూరు, కంభము పడమట నల్లమలకును తూర్పున వెలిగొండలకును నడుమ నున్నవి. నైరృతి గాలి తన తేమను పడమటి కనుమలలోను, పిదప నల్లమలలోను చాలవఱకు విడిచి వచ్చును. ఈశాన్యపు వాన ఒంగోలు తీరమున కురిసి మాదాక వచ్చుసరికి సన్నగిల్లును. మిగిలినవి యుఱుము మేఘములు. వాని వెడల్పు కొన్ని మైళ్లే. వాతావరణశాఖవారి కంప్యూటర్లు భూమిని గళ్లుగా విభజించి లెక్కించును. 2025 మే నెలలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో గడి 6 కిలోమీటర్లు, అంతకుముందు 12. ఆ 6 కిలోమీటర్లలో మాకు రెండూళ్లు పట్టును!

వాన దేశమున కొక తీరుగ నుండునని పూర్వులెఱుగుదురు. అర్థశాస్త్రమున సీతాధ్యక్షుని ప్రకరణమునందు అశ్మక దేశమునకు 13½ ద్రోణములు, అవంతికి 23 ద్రోణములు అని కలదు. మా తండ్రిగారు చెప్పగా చదివిన నాడు నాకది వట్టి లెక్కగా తోచెను. కోష్ఠాగారము నొద్ద మూరెడు నోరుగల పాత్రను వానకొలతకై యుంచవలెననియు నా గ్రంథముననే యున్నది. దూరపు కేంద్రపు లెక్కకన్న మన వాకిటి పాత్ర మన చేనికి దగ్గఱ. మావారు బడిపిల్లలచేత ఉదయము 8.30 గంటలకు కొలత వ్రాయించుచున్నారు. వాతావరణశాఖవారి వేళయు నదియే.

ఆ పొరుగామె ఇప్పుడు జల్లు పడగనే విత్తదు. చేనిలో జానెడు లోతు త్రవ్వి తడి చూచుకొనును. ఈ యేడు సగము కందులే చల్లినది. తక్కిన సగము బూడిద కలిపి యటుక మీద దాచినది.