పన్ను లేని జీతము – పింఛను వాటా

పూర్వపు కడప జిల్లానుండి కువైటునకు వలసపోవువారనగా రాజంపేట, రాయచోటి ప్రాంతములవారే లోకమునకు తోచుదురు గాని, ముగ్గురాయి గనులకు పేరువడిన మా వేములనుండియు ఆ దారి పట్టినవారు కలరు, అందు నేనొకడను. ప్రయాణము నిశ్చయమైనపుడు మా అమ్మ, “ఆడ పన్నే లేదంట గదా నాయనా, వచ్చిందంతా మనదే గదా!” అని సంతోషించినది.

పన్ను లేదనుట నిజమే. కువైటు ప్రభుత్వము జీతముపై ఆదాయపుపన్ను విధింపదు. మన ప్రభుత్వమును, ఉద్యోగమునకై విదేశమేగిన పౌరుడు ఆ ఆర్థిక సంవత్సరమున 182 దినములకంటె తక్కువగా స్వదేశమున నున్నచో, అతని విదేశార్జనను పన్నునకు లోబరుపదు. అయితే 1976 నాటి శాసనముచే కువైటున నేర్పడిన సామాజిక భద్రతా సంస్థ ఆ దేశ పౌరులకు వార్ధక్యమున పింఛను నొసగునదే కాని, ఎండలో ఇరువదియేండ్లు చెమటోడ్చిన మనవంటి ప్రవాసికి ఒక్క దీనారమైనను ఈయదు. మా అమ్మ ‘మనదే’ యన్న సొమ్ములో నా ముసలితనపు కూడును కలసియున్నదనియు, దానిని నెలనెల వేరుచేసి దాచువాడు నేను తప్ప అన్యుడు లేడనియు నాకు బోధపడినది.

ప్రవాసికి అచ్చట దక్కునది ‘సర్వీసు డబ్బు’ మాత్రమే. 2010 నాటి కార్మిక శాసనము ప్రకారము నెలజీతగానికి మొదటి అయిదేండ్లలో ఏటికి పదునైదు దినముల వేతనము, ఆపైన ఏటికొక నెల వేతనము, మొత్తముమీద ఏడాదిన్నర జీతమునకు మించకుండ లభించును. నెలకు 26 పనిదినములని లెక్కింతురు గనుక 260 దీనారుల జీతగానికి దినవేతనము 10 దీనారులు; అయిదేండ్లకు 750, పదియేండ్లకు 2,050. పదియేండ్ల కష్టమునకు నిండ ఎనిమిది నెలల జీతమైనను కాదు! పదియేండ్లు నిండకమున్నే తానై రాజీనామా చేసినచో అందులోను కోత పడును. మూడేండ్లైనను నిండనిచో ఏమియు రాదు. ఇది బిడ్డ పెండ్లికో, ఇంటి మిద్దెకో అక్కఱకు వచ్చును గాని, బ్రదికినన్నాళ్లు ఆదరువు కాజాలదు.

ఇచ్చట ఉద్యోగియు యజమానియు చెరి 12 శాతము భవిష్యనిధికి చెల్లింతురు. ఆ రెండు వాటాలను నేనే చెల్లించుకొనవలెనని తలచి, జీతములో నాలుగవ వంతును ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో డిపాజిట్టు చేయుచు వచ్చితిని. ప్రవాసిగా నున్నంతకాలము దాని వడ్డీకి పన్ను లేదు. ఊరి బ్యాంకులోని పాత ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్పించితిని, కాని దాని వడ్డీలో 30 శాతము మూలమునందే పన్నుగా కోసెదరు గావున అందు పెద్ద మొత్తము నిలుపలేదు. నేను దాచిన సొమ్ముతో పులివెందుల దాపున అరటితోట కొనుమని బంధువులు పట్టుపట్టిరి. ప్రవాసి భారతీయుడు సాగుభూమిని వారసత్వముగా పొందవచ్చును గాని కొనరాదు. తమ్ముని పేర వ్రాయించి నాదిగా అనుభవించుట బేనామీ యగును. కొననంటిని.

మా పెదనాయన మనుమడు బెంగుళూరు కంపెనీ తరఫున జర్మనీకి పోయినపుడు, భవిష్యనిధి సంస్థనుండి కవరేజి సర్టిఫికెట్టు తీసికొనిపోయి, అచ్చటి పింఛను చందాను తప్పించుకొని ఇచ్చటి చందానే కొనసాగించెను. ఇది రెండు దేశముల నడుమ గల సామాజిక భద్రతా ఒడంబడికవలన చెల్లినది. 2009లో బెల్జియముతో అమలునకు వచ్చినది మొదలు మన దేశము చేసికొన్న ఇట్టి ఒడంబడికలలో కువైటు లేదు, అమెరికాయు లేదు. గల్ఫు కూలి కష్టమునకే ఈ రక్షణ లేకుండుట నాకు మిక్కిలి బాధాకరము.

అందుచేతనే, కువైటునకు బయలుదేరువారు సలహాకై వచ్చినచో ముందుగా పీఎఫ్ పాసుపుస్తకము చూపుమందును. 1995 నాటి పింఛను పథకమున పదియేండ్ల సర్వీసు నిండనివారు ఫారము 10సి పెట్టి సొమ్మైనను తీసికొనవచ్చును, స్కీము సర్టిఫికెట్టునైనను పొందవచ్చును. తుమ్మలపల్లె యురేనియము గని చెంత గుత్తేదారు సంస్థలో పనిచేసిన నా యేండ్లు పదికి తక్కువైనను, నేను సొమ్ము ముట్టక సర్టిఫికెట్టే పుచ్చుకొంటిని. తిరిగివచ్చి ఉద్యోగమున చేరి దానిని చూపగా పాత యేండ్లు కొత్తవానితో కలసి పది దాటినవి. 58వ యేట నుండి వచ్చు పింఛను స్వల్పమైనను, అది నేను జీవించియున్నంతకాలమును, నా యనంతరము నా భార్యకును వచ్చును.