చిక్కుడుపాదు మీద అక్షింతలు

గుంతకల్లు నుంచి రేణిగుంటకు పోయే రైలుమార్గంలో, ఎర్రగుంట్ల దాటాక, కడప చేరేలోపల కమలాపురం వస్తుంది. ఆ ఊరి దగ్గరే పాపాఘ్ని వచ్చి పెన్నలో కలుస్తుంది. కలుస్తుందన్న మాటే గాని, ఏడాదిలో చాలా నెలలు మీకు కనిపించేది ఇసుకే! ఇటువంటి చోట వసంతం వచ్చినట్టు ఎట్లా తెలుస్తుందంటారా? వేప పూస్తుంది. పెరట్లో చిక్కుడుపాదు ఇంకా పచ్చగా ఉంటే, దాని లేతకొనలు చూడండి.

కొనలకు నల్లగా అంటుకొని ఉన్నది పేనుబంక. ఆవగింజంత పురుగులు వందలకొద్దీ చేరి పాదు రసం పీలుస్తుంటాయి. వాటి మధ్య ఎర్రగా, నున్నగా మెరుస్తూ, సగం శనగగింజలాంటి పురుగు తిరుగుతుంటే అదే అక్షింతల పురుగు. కొన్నిటి వీపుమీద ఏడు నల్లమచ్చలుంటాయి. కొన్నిటికి మెలికల గీతలుంటాయి. వేలితో తాకితే కాళ్ళు ముడుచుకొని చచ్చినట్టు పడిపోతుంది. మోకాళ్ళ నుంచి పసుపుపచ్చని చేదురసం కారుస్తుంది. ఎంత టక్కరిదో చూశారా!

దీని పిల్ల మాత్రం తల్లిని పోలదు. రెక్కలు లేకుండా, బూడిదరంగుగా, బుల్లి మొసలిలాగా ఉంటుంది. పాపం, "ఛీ, పురుగు!" అని మనవాళ్ళు నలిపేసేది దీన్నే. కాని ఇది పెరిగి పెద్దదయ్యేలోపల వందలకొద్దీ పేనుబంక పురుగులను తినేస్తుంది. మన ఎండల్లో గుడ్డు రెక్కల పురుగు కావడానికి రెండు మూడు వారాలు చాలు. పేనుబంక వదిలే తియ్యని రసం కోసం చీమలు అక్కడ కావలి కాస్తూ, అక్షింతల పురుగులను తరుముతుంటాయి. కాసేపు కూర్చుంటే ఆ యుద్ధం మీరే చూడవచ్చు.

కడప జిల్లాలో, పులివెందుల వైపు, చీనీతోటలున్నాయి గదా. ఆ కుటుంబానికే చెందిన నారింజ, నిమ్మ చెట్లు 1880 ప్రాంతాల్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో తెల్లని దూదిలాంటి పురుగు పట్టి ఎండిపోసాగాయి. 1888లో ఆల్బర్ట్ కోబెలే అనే ఆయన ఆస్ట్రేలియా వెళ్ళి, ఆ పురుగును తినే ఒక జాతి అక్షింతల పురుగులను పంపాడు. రెండేళ్ళు తిరిగేసరికి తోటలు కోలుకున్నాయి. ఆ దూదిపురుగే నీలగిరి కొండలకు వచ్చినప్పుడు, 1929లో, ఆ అక్షింతల పురుగునే మన దేశానికీ తెప్పించారు.

అయితే ఈ కుటుంబంలో ఒక దొంగ కూడా ఉంది. అది వంగచెట్టు మీద చేరుతుంది. దాన్నీ అక్షింతల పురుగనే అంటారు! దానికి మెరుపుండదు, సన్నని నూగుతో మాసినట్టుంటుంది, మచ్చలు 28 దాకా ఉంటాయి. దాని పిల్ల పసుపుపచ్చగా, ఒళ్ళంతా ముళ్ళతో ఉంటుంది. ఆకు పచ్చదనమంతా గీకి తిని ఈనెలు మాత్రం మిగులుస్తుంది. అమ్మ వంగచెట్టుకు మందు కొట్టబోతే ఆపి, ఆ పురుగులను చేత్తో ఏరెయ్యండి. చిక్కుడుకొనల మీద పేనుబంక మరీ ఎక్కువగా ఉంటే నీళ్ళు గట్టిగా చిమ్మితే చాలావరకు రాలిపోతుంది. మందు చల్లితే మన బుల్లి మొసళ్ళు కూడా చస్తాయి. ఆపైన మిగిలిన పేనుబంకను తినే దిక్కుండదు.

ఎండలు ముదిరి పాదు ఎండిపోయాక అవి వేరే తిండి వెతుక్కుంటూ ఎగిరిపోతాయి. చూడాలనుకుంటే ఉగాదిలోపలే చూడండి.