ఒంటికి పోయినావా?

ఆయనది నాపరాళ్ళ పని. బేతంచెర్ల వైపు గనిలో పలక ఎత్తబోతే కింద ఉన్న ఎర్రతేలు బొటనవేలి మీద కుట్టింది. నాలుగో రోజున నా దగ్గరికి తీసుకొచ్చారు. మొహం ఉబ్బింది, ఏం తాగినా వాంతి. కుట్టినచోట మాత్రం చిన్న మచ్చ కూడా లేదు.

“తేలు సంగతి ఎప్పుడో అయిపాయ సార్. ఆ రేత్రే మంత్రం వేయిస్తిమి, ఆర్‌ఎంపీ రెండు సూదులు వేసె. పొద్దునకు మంట దిగింది. ఇది వేరే జబ్బు” అంది భార్య.

“ఒంటికి పోయినావా?” అని ఆయన్నే అడిగాను. తల దించుకున్నాడు. “మొన్న పొద్దున రవంత. డికాషన్ మాదిరి వచ్చె.” తేలు కుట్టిన దొంగ అంటాం గానీ, మూత్రం మాట దగ్గర ఏ దొంగతనమూ చేయనివాళ్ళు కూడా అట్లాగే నోరు మూసుకుంటారు.

కిడ్నీలు పనిచేయకపోతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 9.4. మామూలుగా 1 దగ్గర ఉండాలి. కండరాలు దెబ్బతింటే పెరిగే సీపీకే వేలల్లో ఉంది.

మన ఎర్రతేలు విషం ప్రధానంగా దెబ్బతీసేది గుండెను. కిడ్నీ దాకా వచ్చే కేసులు తక్కువే, అందుకే ఎవరికీ అనుమానం రాదు. విషం నరాలను రెచ్చగొట్టి అడ్రినలిన్ లాంటి రసాయనాలను ఒక్కసారిగా ఒంట్లోకి కుమ్మరిస్తుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి, కాళ్ళూ చేతులూ చల్లబడతాయి, చెమటలు కారతాయి. బీపీ ముందు పెరుగుతుంది, గుండె అలిసిపోయాక పడిపోతుంది. ఎటు చూసినా కిడ్నీకి అందే రక్తం తగ్గేదే. కొందరిలో కండరాలో ఎర్ర రక్తకణాలో చితికి, వాటి రంగు పదార్థం కిడ్నీ గొట్టాల్లో అడ్డుపడుతుంది. ఆ డికాషన్ రంగు అదే. పైన డైక్లోఫెనాక్ లాంటి నొప్పి సూది పడితే ఉన్న కాస్త రక్తప్రసారానికీ గండి. వేలి నొప్పికైతే వేలి మొదట్లో లిగ్నోకైన్ మత్తు ఇస్తే సరిపోయేది.

ఇరాన్‌లోని ఖుజెస్తాన్‌లో హెమిస్కార్పియస్ అనే తేలుంది. అది కుడితే చాలాసార్లు పెద్దగా నొప్పే ఉండదు. తర్వాత రక్తకణాలు పగిలి, మూత్రం ఎర్రబడి, కిడ్నీలు ఆగిపోతాయి. మంటను బట్టి విషాన్ని అంచనా వేసే మన అలవాటు అక్కడైతే ప్రాణాలే తీస్తుంది.

మన ఎర్రతేలు కేసుల్లో నన్ను ఎక్కువ భయపెట్టేది సెలైన్ సీసా. కిడ్నీ నీళ్ళు అడుగుతుంది, అలిసిన గుండె వద్దంటుంది. హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు చెమటలతో, వాంతులతో వచ్చిన ఎనిమిదేళ్ళ పిల్లాడికి బీపీ తక్కువుందని వరసగా సీసాలు ఎక్కించాను. గంట తిరక్కముందే నోటి వెంట గులాబీ రంగు నురగ. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆ పొరపాటు నాదే. పెద్ద డాక్టరుగారు పరుగున వచ్చి సీసా ఆపించారు, పిల్లాడు బతికాడు. అప్పట్నుంచి తేలు కేసు వస్తే మంచం పక్కనే కూర్చుంటాను. ఊపిరితిత్తులు వినాలి, ఒంటికి పోయింది కొలవాలి, ఆ తర్వాతే ఇంకో సీసా.

మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980ల్లో ప్రజోసిన్ అనే చవక బీపీ మాత్రతో తేలు కాటు మరణాలను బాగా తగ్గించి చూపించారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నా లెక్కన ఆలస్యమే. నా రోగికి ఆ మాత్ర మొదటి రాత్రే పడాల్సింది.

డయాలసిస్ అనగానే ఆయన భార్య కూలబడి ఏడ్చింది. ఒకసారి మిషన్ ఎక్కితే ఇక బతికినన్నాళ్ళూ అంతే అని ఎవరో చెప్పారట. దీర్ఘకాలపు జబ్బుకు ఆ మాట వర్తించవచ్చు గానీ, ఇట్లా హఠాత్తుగా ఆగిన కిడ్నీ చాలామందిలో మళ్ళీ తేరుకుంటుంది. ఆయనకు ఐదుసార్లు చేశాం. కూలి పలకల లెక్క రాసుకునే చిన్న నోటుబుక్కులోనే ఆమె ఆయన మూత్రం లెక్క రాసేది. 80, 120, 110 మి.లీ. పదమూడో రోజున 900. ఆ అంకె కింద రెండు గీతలు కొట్టి నాకు చూపించింది. నెలన్నరకు క్రియాటినిన్ 1.2.

తేలు కుడితే మంట తగ్గినా మూత్రం మీద ఒక కన్నేసి ఉంచండి. రంగు మారినా, పూటంతా రాకపోయినా సిగ్గుపడకుండా ఆస్పత్రికి రండి. వచ్చేటప్పుడు ఊళ్ళో వేసిన సూదిమందు ఖాళీ సీసా కూడా వెంట తెండి.