సంచి మూతి

మొన్న ఆదివారం మా ఇంటికి కొత్త రౌటరు వచ్చింది. గోడకు తగిలించిన తెల్లని డబ్బా, దాని వెనుక వెంట్రుకంత సన్నని గాజు తీగ. అమర్చడానికి వచ్చిన కుర్రవాడు పది నిమిషాల్లో పని ముగించుకుని వెళ్ళిపోయాడు. పాత అలవాటు కదా, అతడు మెట్లు దిగాడో లేదో నేను 192.168.1.1 తలుపు తట్టి లోపలికి వెళ్ళాను. ఒక్కొక్క పుటే చూస్తూ పోతుంటే ఒక గడిలో 1492 అనే అంకె కనిపించింది. అక్కడే ఆగిపోయాను. ఆ అంకె విషయంలో నేను మా నాన్నగారికి ఒక మాట బాకీ ఉన్నాను.

నాన్నగారు రైల్వే మెయిల్ సర్వీసులో సార్టరుగా పనిచేశారు. మొదటి ఏళ్ళలో రాత్రుళ్ళు కదిలే రైలుపెట్టెలో నిలబడి, తరువాత స్టేషను పక్కనున్న ఆఫీసులో కూర్చుని, ఎదుటి చెక్క అరల్లోకి ఉత్తరాలు సర్దడమే ఆయన ఉద్యోగం. 1972 ఆగస్టు 15న పిన్‌కోడు రాకముందు ఊరిపేరు చూసి సర్దేవారట. కొత్తపల్లి అని మాత్రమే రాసి ఉన్న కార్డు చేతికొస్తే ఏ కొత్తపల్లి అనుకోవాలి? అంకెలు వచ్చాక పని తేలికైంది. 6తో మొదలైతే మద్రాసు వైపు, తక్కిన అంకెలతో పనిలేదు. 56 అయితే బెంగుళూరు వైపు. 522 అయితే మాత్రం మనదే కనుక చివరిదాకా చదవాలి. దూరానికి ఒక్క అంకె చాలు, దగ్గరికి వచ్చేకొద్దీ ఎక్కువ అంకెలు కావాలి.

చాలా ఏళ్ళ తరువాత ఉద్యోగంలో చేరి రౌటర్ల దారిపట్టిక చదివినప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. అక్కడా అంతే. గమ్యపు అంకెలో ముందుభాగం ఎంత ఎక్కువగా సరిపోతే ఆ దారికి అంత ప్రాధాన్యం. ఏదీ సరిపోకపోతే చివరన 0.0.0.0 అనే వరుస ఒకటి ఉంటుంది. "నాకు తెలియదు, నాకంటే తెలిసినవాడికి పంపుతున్నాను" అని దాని అర్థం. నాన్నగారు ఇదే మాట మరోలా చెప్పేవారు: "తెలియని ఉత్తరాన్ని పారెయ్యకూడదురా, పెద్దాఫీసు సంచిలో వెయ్యాలి."

అమ్మ 2008లో పోయింది. నాన్నగారు తెనాలి ఇల్లు వదిలి రానన్నారు. నేను హైదరాబాదులో, అక్క న్యూజెర్సీలో. సంవత్సరీకానికి రెండు నెలల ముందు, 2009లో, ఆయనకొక కంప్యూటరు కొని, టెలిఫోను తీగ మీద అంతర్జాలం పెట్టించి, ఒక వైర్‌లెస్ రౌటరు చేతపట్టుకుని వెళ్ళాను. మోడెమూ రౌటరూ రెండూ 192.168.1.1 నేనేనని పోట్లాడుకుంటే, రౌటరు చిరునామా 192.168.2.1కి మార్చాను. మోడెమును కేవలం వంతెనగా ఉంచి, ఖాతాపేరూ సంకేతపదమూ రౌటరులో వేశాను. పక్కనే ఎం.టి.యు. అనే గడి ఉంది, అంటే ఒక్కో పొట్లం ఎంత పెద్దదిగా ఉండవచ్చో చెప్పే కొలత. అందులో 1492 ఉంది. ఆఫీసులో ఎప్పుడూ 1500 చూసే కళ్ళు నావి. ఇదేమిటి తక్కువగా ఉందని దిద్దేశాను. పరికరం అభ్యంతరం చెప్పలేదు. సాయంత్రం బండికి వచ్చేశాను.

వారం తిరక్కుండా నాన్నగారు ఫోను చేశారు.

"ఒరే నాన్నా, కొన్ని పేజీలు వస్తున్నాయి, కొన్ని సగంలో నిలబడిపోతున్నాయి. అక్కకి రెండు ముక్కలు రాస్తే వెళ్తోంది. ఫొటో జోడిస్తే మాత్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంది."

"మీరేదో నొక్కుంటారు నాన్నగారూ. ఏ సెట్టింగూ ముట్టుకోవద్దని చెప్పానుగా."

"నేనేం ముట్టుకోలేదురా."

"అయితే లైను బాగుండి ఉండదు. రెండు రోజులాగి చూడండి."

మరోసారి చేశారు. నేను మీటింగులో ఉన్నాను. ఈసారి గొంతు కాస్త పెంచే మాట్లాడాను. "సరేలే" అని పెట్టేశారు. ఆ తరువాత ఎప్పుడు ఫోను చేసినా ఆరోగ్యం బాగుంది, పాలవాడు వస్తున్నాడు, అంతే. ఆ ఊసే ఎత్తలేదు.

సంవత్సరీకానికి వెళ్ళి, కార్యక్రమమంతా అయిన మర్నాడు సాయంత్రం, ఆయన బల్ల మీద ఒక నోటుపుస్తకం చూశాను. గీతలు గీసి గళ్ళు కట్టి ఉంది. తేదీ, వేళ, పంపినది, ఫలితం. "ఉత్తరం, 4 వాక్యాలు – చేరింది. ఉత్తరం, ఒక పేజీ – చేరలేదు. అదే ఉత్తరం, సగానికి కుదించి – చేరింది. ఫొటో – చేరలేదు. ఫొటో, తెల్లవారుజామున – చేరలేదు." అలా మూడు పేజీలు. మూడో పేజీ చివర పెన్సిలుతో ఒకే ప్రశ్న: "సంచి మూతి చాలటం లేదా?"

ఆ ఫొటోలు అమ్మవి. స్టూడియోకి వెళ్ళి, పాతవి ఏరి, సీడీలోకి ఎక్కించుకుని వచ్చారట. రాలేకపోయిన అక్క ఆ రోజున అక్కడ దీపం దగ్గర పెట్టుకుంటుందని. ఎన్నిసార్లు పంపినా వెళ్ళకపోతే, చివరకు తనకు తెలిసిన దారిలో, ఒక ఫొటోను అట్టల మధ్య పెట్టి రిజిస్టరు తపాలాలో వేశారు. అది ఆ రోజుకి అందలేదు.

నేను కుర్చీలో కూర్చున్నాను. 1472 బైట్ల పింగ్ పంపాను. జవాబు లేదు. 1464 పంపాను, వెంటనే వచ్చింది. మొదటిదానికి శీర్షికల 28 కలిపితే 1500, రెండోదానికి కలిపితే 1492. ఇక పరీక్షించడానికేమీ మిగలలేదు. ఈథర్నెట్టు సంచిలో 1500 బైట్లు పడతాయి. అయితే టెలిఫోను తీగ మీద ఖాతాదారుని గుర్తించే పీపీపీఓఈ పద్ధతి ప్రతి పొట్లానికీ తన చీటీ ఒకటి, 8 బైట్లది, అంటిస్తుంది. ఆ చీటీకి చోటు వదిలితే మిగిలేది 1492. నేను 1500 అని వేయడంతో చిన్న పొట్లాలన్నీ నిక్షేపంగా వెళ్ళాయి, నిండు పొట్లాలు మాత్రం మోడెము దగ్గర రాలిపోయాయి. పట్టలేదని వెనక్కి చెప్పేవాడు కూడా లేడు. అవతలినుంచి రావలసిన పెద్ద పొట్లాలకూ ఇదే గతి. "పెద్దదైంది, చిన్నది చేసి పంపు" అనే కబురును చాలా సర్వర్లు కాపలా గోడ దగ్గరే ఆపేస్తాయి కనుక, సగం పేజీలు అలా నిలబడిపోయాయి.

ముప్ఫై ఏళ్ళకు పైగా ఉత్తరాలు సర్దిన మనిషి, ఆ పరికరం లోపల ఏముందో తెలియకుండానే, కేవలం చేరినవీ చేరనివీ పట్టిక వేసి లోపమెక్కడో పట్టేశారు. ఆ పట్టిక ఫోనులో చదివి వినిపించే అవకాశమే నేను ఇవ్వలేదు.

గడిలో 1492 వేశాను. నాన్నగారు కళ్ళద్దాలు సవరించుకుంటూ నా వెనుకే నిలబడ్డారు. ఫొటోలు నాలుగు నిమిషాల్లో వెళ్ళిపోయాయి.

"ఏమైందిరా?"

"కంపెనీ వాళ్ళ లోపం నాన్నగారూ. ఇప్పుడు సరిపోయింది."

"ఓహో" అన్నారు. అంతకుమించి ఏమీ అడగలేదు.

నాన్నగారు 2016లో వెళ్ళిపోయారు. ఇల్లు సర్దుతుంటే ఆ నోటుపుస్తకం మళ్ళీ చేతికి వచ్చింది. పెన్సిలు ప్రశ్న కింద, నేను అబద్ధమాడిన నాటి తేదీతో, సిరాతో ఇంకొక వరుస ఉంది: "1500 కొట్టి 1492 వేశాడు. చేరింది."

ఆయనకు ఆ రోజే తెలుసు. తరువాత ఏడేళ్ళ పాటు ఎన్నో మాట్లాడుకున్నాం కానీ, ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

నాలుగు నిమిషాల్లో వెళ్ళిన ఆ ఫొటోలు అక్క పాత కంప్యూటరుతో పాటే పోయాయి. తపాలాలో ఆలస్యంగా చేరిన ఒక్కటి మాత్రం ఇప్పటికీ ఆమె దేవుడి గదిలో ఉంది. వెనుక నాన్నగారి చేతిరాతలో అక్క చిరునామా, చివరన ఐదంకెల జిప్‌కోడు, కింద గీత గీసి ఉంటుంది.

మొన్న ఆ గడిని ముట్టుకోకుండా పుట మూసేశాను. తరువాత అక్కకు ఫోను చేసి జరిగినదంతా మొదటిసారి చెప్పాను. చాలాసేపు విని, "నాకు నాన్నగారు అప్పుడే చెప్పార్రా, నిన్ను అడగొద్దన్నారు" అంది.