ఈస్టు దగ్గర ఆగిన గోధుమ

లాల్‌బజారు దాటి తిరుమలగిరి సందులోకి తిరిగానో లేదో వాసన ఎదురొచ్చింది. గోధుమరవ్వ వేయించి, అందులో పాకం పోసినట్టు. ఇక ఇంటి నంబరు వెతకనక్కర్లేకపోయింది.

మా వాడు ఎనిమిదేళ్లు టెక్సాస్‌లో ఉండి, గ్యారేజీలో గోధుమ బీరు కాచుకునేవాడు. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో అమెరికాలో సొంత వాడకానికి కాచుకునే బీరుకు పన్ను పోయింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే దాదాపు 757 లీటర్లు. తిరిగొచ్చేటప్పుడు గిన్నెలూ గొట్టాలూ మోసుకొచ్చాడు. ఇక్కడేమో 1968 నాటి ఎక్సైజు చట్టం. లైసెన్సు లేకుండా కాస్తే నేరం.

"అందుకే ఈస్టు దగ్గర ఆగిపోతాన్రా. అది పడేదాకా ఇది మాల్టే" అన్నాడు.

డాబా మీద మొలకెత్తించి ఎండబెట్టిన గోధుమలు. చేటలో వేసి నలిపి వేళ్లు రాల్చేశాడు. కిలో గోధుమ, కిలో బార్లీ గిర్నీలో బరకగా ఆడించుకొచ్చాడు. పిండి అయితే పనికిరాదు. వేడినీళ్లలో కలిపి 66 డిగ్రీల దగ్గర గంటసేపు మూతపెట్టాడు. మొలకలో పుట్టిన ఎంజైములు ఆ వేడికి పిండిని చక్కెరగా మారుస్తాయి. మారిందో లేదో తేల్చేది దెబ్బలకు రాసే టింక్చర్ అయోడిన్. చుక్క వేసినప్పుడు నల్లబడితే ఇంకా పిండి ఉన్నట్టు. మాది నల్లబడలేదు.

వడకట్టడమే అసలు తంటా. బార్లీకి పొట్టు ఉంటుంది, గోధుమకు ఉండదు. మొదటిసారి ఒట్టి గోధుమతో చేస్తే జల్లెడ కింద చుక్క దిగలేదట, అంతా బంకే. ఇప్పుడు వడ్ల ఊక కడిగి కలుపుతున్నాడు. వాళ్లమ్మగారు గుమ్మంలోంచి చూసి, "రాగి మాల్టుకు లేని హంగామా దీనికెందుకు బాబూ?" అని నన్నడిగారు. నా దగ్గర జవాబు లేదు.

1516లో బవేరియా పాలకులు బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప మరేదీ వాడరాదన్నారు. గోధుమ రొట్టెలకు కావాలి కదా! తర్వాత 1602లో గోధుమ బీరు కాచే హక్కును ఆ వంశమే గుత్తగా చేజిక్కించుకుంది. పాలకులు ఎక్కడైనా పాలకులే.

ఆ బీరుకు అరటిపండు, లవంగం వాసనలు వస్తాయి. ఎవరూ అవి వేయరు, దానికి వాడే రకం ఈస్టే పుట్టిస్తుంది. ఆ మాట చెబుతున్నప్పుడు మా వాడి గొంతులో టెక్సాస్ వినిపించింది.

వేడిగా గ్లాసులో పోసిచ్చాడు. చిక్కటి తీపి, అడుగున పచ్చిగోధుమ రుచి. రెండో గ్లాసు తాగలేం. మిగిలిన పిప్పి వీధిలోని గేదెలకు పోయింది.

ఒక సీసా నాకూ కట్టిచ్చాడు. "ఫ్రిజ్‌లో పెట్టు, రేపే తాగెయ్" అని రెండుసార్లు చెప్పాడు. తెల్లారి తీపిగా దిగిన కల్లు మధ్యాహ్నానికే ఎలా పులుస్తుందో తెలిసినవాణ్ణే. అయినా మర్చిపోయి వంటింటి గట్టు మీదే వదిలేశాను. నాలుగో రోజు మూత తిప్పితే బుస్సుమంది.

నేను అందులో ఏమీ కలపలేదు.